రోగి మాట, హకీమ్ చెవి: ముస్లిం వైద్య చరిత్రలో ఒక ప్రశ్న

మన ఇళ్ళలో ఎవరికైనా దీర్ఘవ్యాధి వచ్చినప్పుడు ఒక ప్రశ్న తలెత్తుతూ ఉంటుంది. వైద్యుడు పేరున్నవాడు. ఆయన హస్తవాసి మంచిదని నలుగురూ చెబుతారు. కాని రోగి తన బాధ చెప్పుకోవటం ముగియకముందే మందుల చీటీ చేతికి వస్తుంది. "ఆయన నా మాట వినటం లేదు, ఇంకొకరికి చూపించండి" అంటాడు రోగి. పెద్దలు ఒప్పుకోరు. "షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. హకీమ్‌ను మార్చినంత మాత్రాన తఖ్దీర్ మారుతుందా? సబ్ర్ చెయ్యి నాయనా" అంటారు. ఇద్దరి మనసూ మంచిదే. అయితే వీరి వాదన తేలేవరకు వ్యాధి ఆగదు.

ఈ ప్రశ్న మనతో మొదలు కాలేదు. మన పూర్వీకులు దీనిని ఎదుర్కొన్నారు, ఆలోచించారు, రాసి ఉంచారు. వారు రాసినదానిని ఒకసారి పరిశీలించటం మనకు లాభదాయకం.

సున్నత్ చూపిన దారి

వైద్యం చేయించుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం కాదన్న విషయంలో సందేహం లేదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించిన హదీసు తిర్మిజీ, అబూ దావూద్ సంకలనాలలో ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు ఆయన (స) పరామర్శకు వెళ్ళి, రొమ్ముపై తమ చేయి ఉంచి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్ళమని సూచించారని అబూ దావూద్‌లో ఉంది. ప్రవక్త (స) హస్తస్పర్శ లభించిన రోగికి కూడా వైద్యుణ్ణి చూపించటం గమనార్హం.

మన ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదంతం ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి మువత్తాలో జైద్ బిన్ అస్లమ్ ద్వారా ముర్సల్‌గా వచ్చింది. ఒక వ్యక్తి గాయపడి, గాయంలో రక్తం గడ్డకట్టింది. బనూ అన్మార్‌కు చెందిన ఇద్దరిని పిలిపించారు. వారిని చూసి దైవప్రవక్త (స), మీ ఇద్దరిలో వైద్యం ఎక్కువ తెలిసినవారెవరని అడిగారు. 751 హిజ్రీలో (క్రీ.శ. 1350) మరణించిన ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) ఈ ఉదంతాన్ని ఆధారం చేసుకొని, ప్రతి విద్యలోనూ అందులో ఎక్కువ నేర్పు గలవారినే ఆశ్రయించాలని రాశారు. కనుక ఇద్దరిలో మెరుగైనవారిని ఎంచుకోవటం విశ్వాస లోపం కాదు.

ఇక నేర్పు అంటే ఏమిటి? కేవలం మందుల పేర్లు తెలిసి ఉండటమేనా?

రాజీ ఒప్పుకోలు

ఈ ప్రశ్నకు సమాధానం అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ జీవితంలో దొరుకుతుంది. ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ వేరు, ఈయన వేరు. ఈయన క్రీ.శ. 865 ప్రాంతంలో రయ్ నగరంలో జన్మించి, 925 ప్రాంతంలో మరణించారు. రయ్‌లోనూ, బాగ్దాదులోనూ వైద్యశాలలకు పెద్దగా పనిచేశారు. మశూచిని, తట్టును వేరుచేసి వివరించిన గ్రంథం ఈయనదే.

ఆయన ఎలా వైద్యం చేసేవారో ఇబ్నె నదీమ్ ఫిహ్రిస్త్‌లో చెప్పారు. రాజీ ముందు శిష్యులు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి ముందుగా బయటి వరుస వారికి తన బాధ చెప్పుకొనేవాడు. వారికి అంతుపట్టకపోతే లోపలి వరుస వారికి చెప్పేవాడు. వారికీ తెలియకపోతే రాజీ స్వయంగా మాట్లాడేవారు. అంటే రోగి ఒక వైద్యుని నుండి మరొక వైద్యుని వద్దకు పోవటం అక్కడ ఒక పద్ధతి. అందులో మొదటివారికి అవమానమేమీ లేదు.

రాజీ తాము చూసిన రోగుల వివరాలను రాసుకొనేవారు. ఆ రాతలను ఆయన మరణానంతరం కూర్చగా వచ్చిన మహాగ్రంథమే కితాబుల్ హావీ. దీనిని 1279లో ఫరజ్ బిన్ సాలిమ్ లాటిన్ భాషలోకి అనువదించాడు. అరబీ మూలాన్ని 1955 నుండి 23 భాగాలుగా ముద్రించిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్‌కు దక్కింది.

అందులో అబ్దుల్లాహ్ బిన్ సవాదా అనే రోగి కథ ఉంది. అతనికి జ్వరం క్రమం లేకుండా వచ్చేది. ఒకప్పుడు ఆరు రోజులకు, ఒకప్పుడు రోజు విడిచి రోజు, ఒకప్పుడు ప్రతిరోజూ. జ్వరానికి ముందు కొద్దిగా వణుకు. మూత్రం మాటిమాటికీ వచ్చేది. ఇది నాలుగో రోజు జ్వరంగానైనా మారుతుంది, లేదా మూత్రపిండంలో పుండైనా ఉండాలి అని రాజీ అన్నారు. కొద్దికాలానికే మూత్రంలో చీము కనిపించింది. అప్పుడు వ్యాధి తేలిపోయింది. మందులిచ్చారు. సుమారు రెండు నెలల్లో రోగి కోలుకున్నాడు.

కథ ఇంతటితో ముగిస్తే వైద్యుని గొప్పతనం చాటే వంద కథల్లో ఇదొకటి అయ్యేది. కాని రాజీ కలం అక్కడ ఆగలేదు. మొదటనే గట్టిగా ఎందుకు చెప్పలేకపోయానని తమను తామే ప్రశ్నించుకున్నారు. నిలబడినప్పుడు నడుము నుండి ఏదో బరువు వేలాడుతున్నట్లుందని రోగి తనకు చెప్పలేదనీ, ఆ సంగతి అడగటం తానూ మరచిపోయాననీ రాసుకున్నారు. రోగి తండ్రికి మూత్రాశయ బలహీనత ఉన్న సంగతి కూడా తమకు ముందు తెలియదని ఒప్పుకున్నారు. ఆ కాలపు వైద్యులలో అగ్రగణ్యుడు, తన రోగి కోలుకున్న తరువాత కూడా, అడగవలసిన ఒక ప్రశ్న అడగనందుకు తన తప్పును రాసిపెట్టుకున్నాడు!

మరొక ఉదంతం తనూఖీ చెప్పాడు. బాగ్దాదు నుండి రయ్ చేరిన ఒక యువకుడు రక్తం కక్కుతున్నాడు. రాజీ నాడి చూశారు, మూత్రం చూశారు, కారణం తెలియలేదు. ఇంతటి హకీమ్‌కే తెలియకపోతే తన పని ముగిసినట్లేనని రోగి నిరాశపడ్డాడు. రాజీ ఆలోచించి, మళ్ళీ వచ్చి, దారిలో ఏ నీళ్ళు తాగావని అడిగారు. చెరువులు, కుంటల నీళ్ళు అన్నాడతను. జలగ లోపలికి పోయిందని రాజీ గ్రహించారు. మర్నాడు నీటి పాచి తెప్పించి బలవంతంగా మింగించారు. వాంతిలో పాచితోపాటు జలగ బయటపడింది. నాడి చెప్పనిది ఒక్క ప్రశ్న చెప్పింది.

ఒకే వైద్యుడా, పదిమందా?

అయితే ఇదే రాజీ మరొక మాట కూడా అన్నారు. రోగి తనకు నమ్మకమున్న ఒకే వైద్యునితో సరిపెట్టుకోవాలని, పదిమంది చుట్టూ తిరిగేవాడు పదిమంది పొరపాట్లకూ గురి కావచ్చునని ఆయన అభిప్రాయం. జనం నేర్పరులైన వైద్యులను విడిచి అల్పుల వెంట ఎందుకు పోతారన్న విషయంపై ఆయన ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. మన పెద్దల వాదనకు ఇది బలమైన ఆధారంగానే కనిపిస్తుంది.

కాని ఇబ్నె అబీ ఉసైబిఆ భద్రపరచిన ఆయన హితవులలోనే, వ్యాధికి లోపలి నుండిగాని బయటి నుండిగాని కారణం కాగల ప్రతి విషయం గురించీ రోగిని అడగటం వైద్యుడు మానరాదన్న సూచన కూడా ఉంది. రెండు హితవులూ కలిపి చదవాలి. ఒక్కరినే నమ్ముకోమన్నది అడిగే వైద్యుని విషయంలో. అడగనివాడు, చెప్పినా విననివాడు ఆ నమ్మకానికి మూలమైన షరతునే వదిలేశాడు.

కీర్తి ఈ షరతుకు బదులు కాదు. 319 హిజ్రీలో (క్రీ.శ. 931) బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక సామాన్యుడు మరణించాడు. ఖలీఫా ముఖ్తదిర్, సినాన్ బిన్ సాబిత్ పరీక్షించి అనుమతించనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞాపించాడు. 860 మందికి పైగా పరీక్షకు వచ్చారని చరిత్రకారులు రాశారు. పేరుప్రఖ్యాతులున్నవారికి మాత్రం ఆ పరీక్ష మినహాయించారు. పేరున్నవారిని అడిగేవారుండరన్నది ఆనాటికే ఉన్న సంగతి.

రోగి ఇంట ఉండవలసిన కాగితం

12వ శతాబ్దపు షైజరీ, ముహ్తసిబ్ విధులపై రాసిన గ్రంథంలో ఒక చక్కని పద్ధతి చెప్పారు. వైద్యుడు రోగి వద్దకు రాగానే వ్యాధి కారణాన్ని, బాధను అడగాలి. ఇచ్చిన మందును రాసి, ఒక ప్రతిని రోగి కుటుంబీకులకు ఇవ్వాలి. ప్రతి రాకలోనూ ఇలాగే చేయాలి. రోగి మరణిస్తే కుటుంబీకులు ఆ కాగితాలను ప్రధాన వైద్యునికి చూపవచ్చు. లోపం తేలితే వైద్యుడు నష్టపరిహారం చెల్లించాలి. 9వ శతాబ్దంలో రుహావీ రాసిన అదబుత్తబీబ్‌లోనూ ఇటువంటి పద్ధతి కనిపిస్తుంది. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకొన్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడన్న హదీసు ఈ ఆలోచనకు పునాది.

ఇందులో మనకు పాఠాలున్నాయి. చేదు మందు ఇచ్చాడనో, ఇష్టమైన తిండి మాన్పించాడనో, వారంలో నయం కాలేదనో వైద్యుణ్ణి విడిచిపెట్టటం రాజీ విమర్శించిన చాపల్యమే. బిన్ సవాదా చెప్పనిదానిని రాజీ ఊహించలేకపోయారు. కనుక రోగి ముందుగా తన వంతు నెరవేర్చాలి. బాధ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, తలిదండ్రులకు ఏ వ్యాధులున్నాయి అన్నవి కాగితం మీద రాసుకొని, "డాక్టరుగారూ, ఇది ఒక్కసారి వినండి" అని మర్యాదగా అడగాలి. విన్నాడా, అతనితోనే ఓర్పుగా సాగాలి. మళ్ళీ అడిగినా వినకపోతే మారటంలో దోషం లేదు. అప్పుడు పాత చీటీలన్నీ వెంట తీసుకుపోవాలి. వాడిన మందులు కొత్తవారికి దాచకుండా చెప్పాలి. పాతవారిపై గీబత్ చేయరాదు. అక్కడి నుండి పదిమంది గడపలు తొక్కరాదు.

షిఫా అల్లాహ్ చేతిలోనే ఉంది. పెద్దలు చెప్పినది సత్యం. కాని ఆయన షిఫాకు కారణాలను ఏర్పరచాడు; రోగికి నోరు, వైద్యునికి చెవి ఆ కారణాలలోనివే. వాటిని మూసివేసి చేసే సబ్ర్ సబ్ర్ కాదు, ఉపేక్ష. అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మన వైద్యులకు రాజీ వంటి వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.