ఉపాఖ్యానం
‘బాహుబలి’ సినిమాల కంటే ముందటి శివగామి కథను ఆనంద్ నీలకంఠన్ 2017 నుంచి మూడు నవలలుగా రాశారు. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటు పిల్లలు వాటిని ఇష్టంగా చదువుతూ ‘కొనసాగింపు’ అంటున్నారు. ముందు జరిగింది కొనసాగింపెలా అవుతుంది? దీనికి మనకు ‘ఉపాఖ్యానం’ ఉంది. సంస్కృతంలో ‘ఖ్యా’ అంటే చెప్పడం. ‘ఆ’ చేరితే ఆఖ్యానం, ముందు ‘ఉప’ నిలిస్తే పెద్ద కథను ఆనుకుని నడిచే కథ. భారతంలోకి శకుంతల, నలుడు అలా వచ్చినవాళ్లే. నన్నయ ఆదిపర్వంలో క్లుప్తంగా ముగించిన వసురాజు కథను రామరాజభూషణుడు 16వ శతాబ్దంలో ‘వసుచరిత్ర’ అనే నిండు ప్రబంధం చేశాడు. పక్కకథకు అంత పట్టం కట్టిన సాహిత్యం మనది! అదే ధాతువు నుంచి వచ్చిన ‘వ్యాఖ్య’ ఒకప్పుడు గ్రంథానికి వివరణ, ఇప్పుడు పత్రికల్లో నాయకుల నోటిమాట. ‘ఆఖ్యాయిక’ను మాత్రం పూర్తిగా వదిలేశాం. జరిగిన చరిత్ర మీద అల్లిన వచనానికి ఆలంకారికులు పెట్టిన పేరది. బాణుడి ‘హర్షచరితం’ ఆఖ్యాయిక, కల్పితమైన ‘కాదంబరి’ కథ. కాకతీయుల కాలం మీద అడివి బాపిరాజు రాసిన ‘గోన గన్నారెడ్డి’ని చారిత్రక నవల అంటున్నాం, ఆఖ్యాయిక అంటే నాకు ఇంకా నచ్చుతుంది.