పేక మీద లేని పేరు

1909 డిసెంబరులో లండన్‌లోని విలియం రైడర్ అండ్ సన్ అనే ప్రచురణ సంస్థ 78 ముక్కల టారో పేక ఒకటి అచ్చువేసింది. జోస్యం చెప్పడానికి వాడే పేక అది. వేయించినవాడు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే మార్మికవాది. లోకమంతా దాన్ని ‘రైడర్-వెయిట్ పేక’ అంది. అచ్చువేసినవాడి పేరుంది, వేయించినవాడి పేరుంది. బొమ్మలన్నీ గీసిన మనిషి పేరు లేదు. ఆమె పామెలా కోల్మన్ స్మిత్.

జోస్యం పేకతో అభ్యుదయ రచయితలకు పనేమిటని మిత్రులు అడగవచ్చు. జోస్యాన్ని నేను నమ్మను. ఆదోని బజారులో చిలక చేత ముక్క తీయించుకొనే రైతు ఆశ వెనకనున్న బాకీని మాత్రం అర్థం చేసుకోగలను. మూఢనమ్మకాన్ని ఖండించడం ఒకటి. ఆ సరుకు తయారీలో కూలికి పనిచేసిన చేతిని చరిత్రలోంచి తుడిచెయ్యడం మరొకటి. రెండోదానికి మనం వంతపాడనక్కరలేదు.

స్మిత్ 1878లో లండన్‌లో అమెరికన్ దంపతులకు పుట్టింది. బాల్యంలో కొంతకాలం జమైకాలో పెరిగింది. బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాసంస్థలో చిత్రకళ అభ్యసించి, పట్టా పుచ్చుకోకుండానే బయటికి వచ్చింది. జమైకా జానపద కథల్ని అక్కడి జనం మాట్లాడే మాటల్లోనే 1899లో పుస్తకంగా తెచ్చింది. అంటే మన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు వచ్చిన రెండేళ్ళకన్నమాట! 1903-04లో ‘గ్రీన్ షీఫ్’ అనే పత్రికను 13 సంచికలు నడిపింది. 1907లో న్యూయార్క్‌లో స్టీగ్లిట్జ్ తన గ్యాలరీలో ఛాయాచిత్రాలు కాక మొట్టమొదట ప్రదర్శించినవి ఈమె చిత్రాలే. తర్వాతి కాలంలో మాతిస్‌నూ పికాసోనూ అమెరికాకు చూపిన చోటుగా ఆ గ్యాలరీ కళాచరిత్రకెక్కింది. అక్కడి తలుపు మొదట తెరిచిన స్త్రీ ఆ చరిత్రలో ఒక మూలకు పోయింది.

ఇక పేక సంగతి. అంతకు ముందటి పేకల్లో అంకెల ముక్కల మీద దాదాపుగా కత్తులో, కప్పులో, కర్రలో, నాణేలో లెక్కకు తగినన్ని ఉండేవి, అంతే. మనుషులతో దృశ్యాలు కూర్చిన 15వ శతాబ్దపు ఇటాలియన్ పేక ఒకటుంది. దాని ఛాయాచిత్రాలు 1907లో బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శించారు. కొన్ని ముక్కల్లో ఆ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. కాని అంకెల ముక్కల్లోకి జీవితాన్ని తెచ్చింది స్మితే. నాణేల అయిదులో మంచు కురుస్తుంటే ఇద్దరు దరిద్రులు, ఒకరు కర్రల ఊతతో, దీపాలు వెలిగే చర్చి కిటికీ కిందుగా నడిచిపోతుంటారు. ఆ కిటికీకి తలుపు లేదు! నాణేల ఆరులో సంపన్నుడు ఒక చేత్తో త్రాసు పట్టుకొని రెండో చేత్తో మోకరిల్లినవాళ్ళకు బిచ్చం వేస్తాడు. దానాన్ని తూచి వెయ్యడమనే సంగతిని ఇంతకంటె క్లుప్తంగా చెప్పిన కథ నేను చదవలేదు. కర్రల పదిలో మోపు కింద వంగిపోయిన మనిషి ముఖమే కనపడదు. ఆదోని పత్తి మార్కెట్‌లో మూటకింద హమాలీ ముఖమూ అంతే. నాణేల మూడులో శిల్పి ఉలి పట్టుకొని ఉంటే, ప్లాను చేతబట్టినవాళ్ళు పక్కన నిలబడి ఉంటారు. తన సంగతే గీసుకుందా అనిపిస్తుంది.

ఆమెను అభ్యుదయ చిత్రకారిణిగా నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి బొమ్మలు గీసింది, నిజమే. 1911లో కాథలిక్ మతంలో చేరింది, అదీ నిజమే. నా ప్రశ్న ఆమె భావాల గురించి కాదు, ఆమె శ్రమ గురించి. పెద్దపని ముగించానని, డబ్బు మాత్రం బహుస్వల్పమని 1909 నవంబరులో ఆమె స్టీగ్లిట్జ్‌కు రాసింది. అమ్మకాల్లో వాటా లేదు.

ఎమ్మిగనూరు నేత తెలిసినవాళ్ళకు ఇందులో వింత లేదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరది. అక్కడైనా ఎక్కడైనా నూలు తోడి కండెలు చుట్టిన ఆడమనిషికి మగ్గం ఇంట్లో విడిగా కూలి కట్టే అలవాటు లేదు. చీరెకు దుకాణం పేరు, మగ్గానికి మగవాడి పేరు. స్మిత్ స్థితి అంతకంటె మెరుగే. కూలి ముట్టింది, ముక్కల మూలల్లో తన పేరు పొడి అక్షరాల్ని పాములా మెలిపెట్టి గీసుకుంది కూడా. చూసేవాళ్ళే చదవలేదు.

మన సాహిత్య చరిత్ర ఇంతకంటె ఘనంగా ఏమీ నడవలేదు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూ సుందరి’లో వచ్చింది. అయినా 1910 నాటి ‘దిద్దుబాటు’నే మొదటి కథగా తరతరాల విద్యార్థులకు మేం పాఠం చెప్పాం. అచ్చమాంబ విషయంలో పేరు మిగిలి కథలు మరుగుపడ్డాయి. స్మిత్ విషయంలో బొమ్మలు మిగిలి పేరు మరుగుపడింది.

1951లో ఇంగ్లండులోని బ్యూడ్‌లో ఆమె అప్పులతో చనిపోయింది. బాకీల కింద సామాను వేలం వేశారు. సమాధి ఎక్కడుందో తెలియదు. 1970ల నుంచి అమెరికాలో ఆ పేక విస్తారంగా అమ్ముడైంది. 2018లో ఆమె జీవితం మీద పెద్ద గ్రంథం వచ్చింది. ఇప్పుడు కొందరు ఆమె పేరూ చేర్చి ‘రైడర్-వెయిట్-స్మిత్’ అంటున్నారు. ఆ వరుసలోనూ ముందు అచ్చువేసినవాడు, తర్వాత వేయించినవాడు, చివర గీసినామె.