పేరు, నిర్వచనం, నిధి: మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ నుంచి లాంగ్ కోవిడ్ వరకు ఒక పరిశోధనా చరిత్ర

వ్యాససంగ్రహం

అంటువ్యాధి తగ్గిన తరువాత కూడా ఏళ్ళ తరబడి వదలని తీవ్రమైన నిస్సత్తువను ఆధునిక వైద్యం వివిధ కాలాల్లో వివిధ నామాలతో వ్యవహరించింది. 1934 నుంచి నేటి వరకు ఈ వ్యాధికి పెట్టిన పేర్లు, వాటి వెనుక ఉన్న నిర్వచనాలు పరిశోధన దిశను, నిధుల కేటాయింపును ఎలా ప్రభావితం చేశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్రిటన్, అమెరికా దేశాల అనుభవం దీనికి ప్రధాన ఆధారం. చివరి భాగంలో భారతీయ సందర్భాన్ని, తెలుగు వ్యవహారాన్ని స్థూలంగా స్పృశించడం జరిగింది.

కీలకపదాలు: మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, లాంగ్ కోవిడ్, పరిశోధన నిధులు, వైద్య చరిత్ర, పరిభాష.

1. ఉపోద్ఘాతం

వ్యాధికి పేరు పెట్టడం కేవలం భాషావ్యవహారం కాదు. పేరును బట్టి నిర్వచనం, నిర్వచనాన్ని బట్టి రోగుల లెక్క తేలుతాయి. ఆ వ్యాధిని ఏ శాఖ చూడాలో, ఎంత ఖర్చు చేయాలో ఆ తరువాత నిర్ణయమవుతుంది. రక్తపరీక్షలో తేలే వ్యాధుల విషయంలో ఈ క్రమం అంతగా కంటికి కనిపించదు. నిర్ధారణ పరీక్ష లేని వ్యాధి విషయంలో మాత్రం పేరుకు ఉన్న బలం స్పష్టంగా బయటపడుతుంది. సంక్షిప్తంగా ఎం.ఇ. అని పిలిచే మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ చరిత్ర అందుకు తగిన ఉదాహరణ.

ఈ వ్యాధికి ప్రధాన లక్షణం సాధారణమైన అలసట కాదు. స్వల్పమైన శారీరక, మానసిక శ్రమ తరువాత కూడా లక్షణాలన్నీ తీవ్రమై, రోగి రోజుల తరబడి కోలుకోలేకపోవడం దీని ప్రత్యేకత. దీనిని ఈ వ్యాసంలో 'శ్రమానంతర క్షీణత' అని వ్యవహరించడమైనది. విశ్రాంతితో తీరే అలసటకు, ఈ స్థితికి ఉన్న భేదాన్ని గుర్తించడానికి వైద్యలోకానికి చాలాకాలం పట్టింది.

2. ఆస్పత్రుల్లో తొలి ప్రకోపాలు

1934లో లాస్ ఏంజెలస్ కౌంటీ జనరల్ ఆస్పత్రిలో పోలియో రోగులకు సేవలందిస్తున్న కాలంలోనే 198 మంది సిబ్బంది ఒక వింత జబ్బున పడ్డారు. కండరాల నొప్పి, బలహీనత, జ్ఞాపకశక్తి మందగించడం వారిలో కనిపించాయి. పోలియోను పోలి ఉన్నా అది పోలియో కాదు. 1948-49లో ఐస్‌లాండ్‌లోని అకురేరి పట్టణంలోనూ ఇటువంటి ప్రకోపమే సంభవించింది. చాలాకాలం ఈ వ్యాధిని 'ఐస్‌లాండ్ వ్యాధి' అని కూడా పిలిచారు.

1955 జూలైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో 292 మంది సిబ్బంది జబ్బుపడటంతో ఆస్పత్రిని అక్టోబర్ వరకు మూసివేయవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం లాన్సెట్ పత్రిక సంపాదకీయం దీనికి 'బినైన్ మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్' అనే పేరును ప్రతిపాదించింది. ప్రాణాంతకం కాదనే అర్థంలో 'బినైన్' అనే విశేషణం చేరింది. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీనిని నాడీమండల వ్యాధుల కింద చేర్చింది.

3. ఉన్మాదమనే ముద్ర

ఈ గుర్తింపు వచ్చిన మరుసటి ఏడాదే పరిస్థితి తారుమారైంది. 1970లో కోలిన్ మెక్‌ఈవిడీ, విలియం బియర్డ్ అనే మానసిక వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాయల్ ఫ్రీ ఘటనను సామూహిక ఉన్మాదంగా వ్యాఖ్యానించారు. వారు రోగులను స్వయంగా పరీక్షించలేదు. పాత వైద్య పత్రాలే వారికి ఆధారం. బాధితుల్లో స్త్రీల సంఖ్య అధికంగా ఉండటాన్ని తమ వాదానికి బలంగా చూపారు. ఆస్పత్రిలో కొందరు వైద్యులు ఈ వాదాన్ని ఖండించినా, ముద్ర మాత్రం నిలిచిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో నాడీవ్యాధిగానూ, వైద్యుల వ్యవహారంలో మనోవ్యాధిగానూ ఇది రెండు చోట్ల నిలిచింది. అంతర్జాతీయ పట్టికలో చోటు దక్కినంత మాత్రాన పరిశోధన సాగదని ఈ దశ తెలియజేస్తుంది.

4. 'ఫెటీగ్' అనే పేరు

1980ల మధ్యలో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, టాహో సరస్సు పక్కనున్న ఇన్‌క్లైన్ విలేజ్‌లో డేనియల్ పీటర్సన్, పాల్ చేనీ అనే వైద్యులు తమ వద్దకు వస్తున్న రోగుల్లో ఇటువంటి లక్షణాలనే గమనించారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సి.డి.సి. బృందం వచ్చి పరిశీలించింది. 1988లో ఆ సంస్థ ఆధ్వర్యాన వెలువడిన నిర్వచనం ఈ స్థితికి 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్' అని పేరుపెట్టింది. కారణం తెలియనప్పుడు లక్షణాన్నిబట్టి పేరు పెట్టడం శాస్త్రీయ జాగ్రత్తే. అయితే అనేక లక్షణాల్లో అతి సాధారణంగా కనిపించే దానిని పేరుగా ఎంచుకోవడంతో తక్కినవన్నీ మరుగున పడ్డాయి. అలసట ఎరుగని మనిషి ఉండడు కనుక ఆ పేరు విన్నవారికి అదొక జబ్బుగా తోచలేదు.

బ్రిటన్‌లో 1991 నాటి ఆక్స్‌ఫర్డ్ ప్రమాణాలు దీనిని మరింత విస్తృతం చేశాయి. ఆరు నెలలకు పైబడిన తీవ్రమైన అలసట వాటిలో ప్రధానాంశం. శ్రమానంతర క్షీణత తప్పనిసరి కాదు. అందువల్ల వేర్వేరు కారణాలతో అలసిన వారందరూ ఒకే అధ్యయనంలో చేరే వీలు కలిగింది.

5. నిధుల దారి

పేరు తెచ్చిన చిన్నచూపు నిధుల నిర్వహణలోనూ కనిపిస్తుంది. 1998లో సి.డి.సి. లోపలి శాస్త్రవేత్త విలియం రీవ్స్ ఈ వ్యాధి నిధులు దారిమళ్ళుతున్నాయని వెల్లడించారు. 1999లో ప్రభుత్వ తనిఖీ నివేదిక దానిని ధ్రువీకరించింది. 1995-98 ఆర్థిక సంవత్సరాల్లో ఈ వ్యాధి పద్దు కింద చూపిన 2.27 కోట్ల డాలర్లలో 88 లక్షలు ఇతర కార్యక్రమాలకు ఖర్చయ్యాయి. మరో 41 లక్షలకు సరైన లెక్కలు లేవు. అంటే సగానికి పైగా సొమ్ము ఈ వ్యాధిపై వినియోగమైనట్టు నిరూపణ కాలేదు. ఆ మొత్తాన్ని సి.డి.సి. తరువాతి సంవత్సరాల్లో భర్తీ చేసింది. పోయిన సొమ్మును తిరిగి ఇవ్వగలిగినా, పరిశోధన లేకుండా గడిచిన కాలాన్ని తిరిగి తేవడం సాధ్యం కాదు.

బ్రిటన్‌లో పెద్ద మొత్తం ఒకే ప్రయోగానికి దక్కింది. సుమారు 50 లక్షల పౌండ్ల వ్యయంతో, 641 మంది రోగులతో సాగిన 'పేస్' ప్రయోగ ఫలితాలు 2011లో లాన్సెట్‌లో వెలువడ్డాయి. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్‌తో పాటు పింఛన్ల మంత్రిత్వశాఖ కూడా దీనికి ధనసహాయం చేసింది. రోగుల ఎంపికకు ఆక్స్‌ఫర్డ్ ప్రమాణాలనే వాడారు. ప్రవర్తనా చికిత్స, క్రమంగా పెంచే వ్యాయామం రోగులకు మేలుచేస్తాయని పరిశోధకులు ప్రకటించారు. ప్రయోగ మధ్యంలో కొలమానాలు మారాయని రోగులు ఆక్షేపించి సమాచార హక్కు చట్టాన్ని ఆశ్రయించగా, 2016లో ట్రిబ్యునల్ దత్తాంశాన్ని విడుదల చేయవలసిందిగా ఆదేశించింది. మొదట ప్రకటించిన ప్రమాణాలతో తిరిగి లెక్కించినప్పుడు కోలుకున్నవారి నిష్పత్తి బాగా తగ్గింది. పేస్ పరిశోధకులు తమ నిర్ధారణలను సమర్థించుకున్నారు. చివరకు 2021 అక్టోబర్‌లో బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ తన కొత్త మార్గదర్శకాల్లో క్రమంగా పెంచే వ్యాయామాన్ని ఈ వ్యాధికి చికిత్సగా సూచించరాదని చెప్పింది. నిర్వచనంలో వదిలేసిన శ్రమానంతర క్షీణతే ఈ వివాదానికి కేంద్రమని గమనించాలి.

6. పునర్నిర్వచనం

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వెలువరించిన నివేదిక శ్రమానంతర క్షీణతను తప్పనిసరి లక్షణంగా స్వీకరించింది. అమెరికాలో రోగుల సంఖ్యను 8,36,000 నుంచి 25 లక్షల వరకు, దేశానికి ఏటా కలిగే నష్టాన్ని 1,700 నుంచి 2,400 కోట్ల డాలర్ల వరకు అంచనా వేసింది. 2014లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్.ఐ.హెచ్., ఈ వ్యాధి పరిశోధనకు వెచ్చించింది సుమారు 50 లక్షల డాలర్లు. కనిష్ఠ అంచనాతో భాగించినా అది ఒక్కొక్క రోగికి ఏడాదికి ఆరు డాలర్లకు మించదు.

నివేదిక వెలువడిన ఏడాదే ఎన్.ఐ.హెచ్. ఈ వ్యాధి బాధ్యతలను నాడీసంబంధ పరిశోధనా సంస్థకు అప్పగించింది. 2017లో మూడు పరిశోధనా కేంద్రాలకు, ఒక దత్తాంశ కేంద్రానికి కలిపి 70 లక్షల డాలర్లకు పైగా మంజూరైంది. పెరుగుదల ఉన్నా, రోగభారంతో పోల్చితే నిధులు దాదాపు 14 రెట్లు పెరగవలసి ఉందని ఆర్థర్ మిరిన్, మేరీ డిమ్మాక్, లియొనార్డ్ జేసన్ 2020లో లెక్కగట్టారు.

7. రోగులు పెట్టిన పేరు

2020 మే నెలలో ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరెగో తన అనుభవాన్ని సామాజిక మాధ్యమంలో చెబుతూ 'లాంగ్ కోవిడ్' అనే పదాన్ని ప్రయోగించారు. కొద్ది నెలల్లోనే వైద్య పత్రికలు, ప్రభుత్వాలు దానిని స్వీకరించాయి. ఎం.ఇ. చరిత్రతో పోల్చినప్పుడు ఇది విశేషం. అక్కడ పేరు సంపాదకీయం నుంచో, ప్రభుత్వ సంస్థ నుంచో రోగికి చేరింది. ఇక్కడ రోగి నుంచి సంస్థలకు చేరింది. పైగా ఈ పేరు లక్షణాన్ని కాక కారణాన్ని, కాలాన్ని సూచిస్తుంది.

2020 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ లాంగ్ కోవిడ్ పరిశోధనకు నాలుగేళ్ళకు గాను 115 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ ఔదార్యానికి పేరొక్కటే కారణం కాదు. మహమ్మారి తీవ్రత, ఒకేసారి బాధితులైన వారి సంఖ్య ప్రధాన కారణాలు. ఆ నిధులతో ఆరంభమైన 'రికవర్' కార్యక్రమం మొదట్లో పరిశీలనాత్మక అధ్యయనాలకే ప్రాధాన్యమిచ్చింది. చికిత్సా ప్రయోగాలు 2023లో గాని మొదలుకాలేదు. వాటిలో వ్యాయామం చేరడంపై రోగుల్లో ఆందోళన వ్యక్తమైంది. శ్రమానంతర క్షీణత గలవారికి శక్తిని పొదుపుగా వాడుకునే పద్ధతిని ప్రత్యేకంగా పరీక్షించే ఏర్పాటు అందులో ఉంది.

ఈ రెండు వ్యాధుల సంబంధాన్ని కూడా రికవర్ దత్తాంశమే చూపింది. 2025లో ప్రచురితమైన విశ్లేషణ ప్రకారం కోవిడ్ సోకినవారిలో 4.5 శాతం మంది ఎం.ఇ. ప్రమాణాలకు సరిపోయారు, సోకనివారిలో ఇది 0.6 శాతం. అదే సంవత్సరం బ్రిటన్‌లోని 'డీకోడ్ ఎం.ఇ.' అధ్యయనం 15,579 మంది రోగుల జన్యు దత్తాంశంలో వ్యాధితో సంబంధమున్న ఎనిమిది స్థానాలను గుర్తించినట్టు ప్రాథమిక ఫలితాలు ప్రకటించింది. మరోవైపు అమెరికా ఆరోగ్యశాఖ లాంగ్ కోవిడ్ కార్యాలయాన్ని కూడా ఆ ఏడాదే మూసివేశారు.

8. భారతీయ సందర్భం, తెలుగు వ్యవహారం

2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విక్రమ్ పటేల్ బృందం ప్రచురించిన గోవా అధ్యయనంలో 2,494 మంది మహిళల్లో 12.1 శాతం మంది ఆరు నెలలకు పైబడిన అలసటను చెప్పారు. పేదరికం, మానసిక క్లేశం, స్త్రీలుగా ఎదుర్కొనే అననుకూలతలతో దానికి సంబంధం కనిపించింది. ఇది లక్షణాన్ని కొలిచిన అధ్యయనమే గాని ఎం.ఇ. వ్యాధిని కొలిచింది కాదు. ఆ రెండింటినీ వేరుచేసి అడగగల ప్రశ్నావళి ఉండాలంటే ముందు స్థానిక భాషలో మాట ఉండాలి.

తెలుగులో అలసట, నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ అనే మాటల మధ్య సూక్ష్మ భేదాలున్నాయి. అలసట పనికి ఫలితం, విశ్రాంతితో తీరేది. నిస్త్రాణ అంటే లేవడానికే శక్తి లేకపోవడం. 'ఫెటీగ్' శబ్దానికి యథాలాపంగా 'అలసట' అని రాస్తే, ఆంగ్ల నామం చేసిన పొరపాటే తెలుగులోనూ పునరావృతమవుతుంది. 'శ్రమానంతర క్షీణత' వంటి కల్పిత పదం పరిశోధనకు చాలినా, రోగి నోట వచ్చే మాట కాదు. రోగులు తమ స్థితిని చెప్పుకునే తీరును మాండలికాల వారీగా నమోదు చేయడం భాషా పరిశోధకులు చేపట్టదగిన పని.

9. ముగింపు

ఈ చరిత్రనుబట్టి మూడు అంశాలు నిర్ధారించవచ్చు. మొదటిది, వ్యాధి నామం రోగి మాటకు దక్కే విశ్వసనీయతను ప్రభావితం చేస్తుంది. రెండవది, ప్రధాన లక్షణాన్ని వదిలిన నిర్వచనంపై ఎంత ధనం వెచ్చించినా ఫలితం వివాదాస్పదంగానే మిగులుతుంది. మూడవది, మహమ్మారి భయంతో వచ్చిన నిధులు ఆ భయంతోపాటే తగ్గే ప్రమాదం ఉంది. దీర్ఘకాలిక వ్యాధికి దీర్ఘకాలిక నిధులే అవసరం. లాంగ్ కోవిడ్ రోగులు పేరు పెట్టే అధికారాన్ని కొంతమేరకు సాధించుకున్నారు. నిర్వచనంలోనూ, నిధుల నిర్ణయంలోనూ వారికి అటువంటి స్థానమే దక్కినప్పుడు 1934 నుంచి సాగుతున్న ఈ అన్వేషణ ముందడుగు వేస్తుంది.