దాసుడంటే ఎవరు? దూలోస్ అనే మాట గురించి

కొత్త నిబంధనలో 'దూలోస్' అనే గ్రీకు మాట తరచుగా వస్తుంది. రోమన్ల కాలంలో దాని అర్థం బానిస. సంతలో కొనేది, అమ్మేది వాణ్ణే. కూలివానికి 'మిస్థియోస్', పరిచారకునికి 'దియాకొనోస్' అని వేరే మాటలున్నాయి. మన తెలుగు బైబిలు దూలోస్‌ను 'దాసుడు' అంది. తప్పనలేము, సంస్కృతంలోనూ దాసుడికి బానిస అనే అర్థముంది. ఆ మాట కుందుర్పి లాంటి చోట ఎట్లా వినబడుతుందన్నదే మా ప్రశ్న.

కుందుర్పి కన్నడ సరిహద్దు. పురందరదాసు, కనకదాసు పేర్లు తెలిసిన సీమ. శంఖమూదుకుంటూ ఇంటింటికీ వచ్చే దాసయ్యకు గింజలు పెట్టి దణ్ణం పెడతారు. ఇక్కడ దాసుడంటే భక్తుడు. కరువు ఏడు అప్పు తీసుకొని, దానికింద మాదిగ ఇంటి పిల్లవాణ్ణి ఆసామి దగ్గర పెడితే వాణ్ణెవరూ దాసుడనరు, జీతగాడంటారు. ఉగాదికి జీతం మాట్లాడతారు, అప్పు తీరదు, మళ్ళీ ఉగాది వస్తుంది. ఇట్లాంటి వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో.

తెలుగు అనువాదం మొదలైన కాలం చూడండి. విశాఖపట్నంలో 1805 నుంచి లండన్ మిషన్ వాళ్ళు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ ఆ పనిలో దిగారు. బ్రాహ్మణ్యం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయరు తోడయ్యాడు. బానిసత్వాన్ని కంపెనీ కోర్టులు గుర్తించకూడదన్న చట్టం 1843లో గానీ రాలేదు. అంటే బానిస అప్పటికి పుస్తకంలో మాటే కాదు, కళ్ళెదుట మనిషి. అయినా నిలిచింది గౌరవమైన మాట. పండితుని చేయి పడిన చోట అంతే జరుగుతుందని మా అనుమానం.

గ్రీకులోనూ మోషేను దేవుని దూలోస్ అన్నారు, ఆ గౌరవార్థం అక్కడా ఉంది. కానీ ఫిలిప్పీ పత్రికలో క్రీస్తు దూలోస్ రూపం ధరించాడన్న వెంటనే సిలువ మరణం వస్తుంది. సిలువ బానిసలకు వేసే శిక్ష. 'దాసుని రూపం' అంటే మనవాళ్ళకు వినయం వినబడుతుంది, ఆ శిక్ష వినబడదు. ఎఫెసీ పత్రికలో యజమానులకు లోబడమన్నప్పుడు మాత్రం దాసుడు ఒక్కసారిగా పనివాడైపోతాడు! గౌరవం పైకి, విధేయత కిందికి.

ఫిలేమోను పత్రిక దగ్గర ఈ సర్దుబాటు సాగదు. ఒనేసిమును ఇకమీదట దూలోస్‌గా కాదు, అంతకంటే ఎక్కువగా, సోదరునిగా చేర్చుకోమని పౌలు అతని యజమానికి రాశాడు. అక్కడ 'భక్తుడు' అని పెట్టి చదివితే వాక్యమే నిలబడదు. 'జీతగాడు' అని పెట్టి చదివితే కుందుర్పిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కాస్త ఇబ్బందిపడేది ఆసామే.