బండి పక్కన నడిచిన మనిషి

గాజు పగిలే వస్తువే. అయినా తెలుగునాట గాజులమ్మేవాళ్లు తరతరాలుగా దాన్ని భుజాన వేసుకునే ఊళ్లు తిరిగారు. కొలతల వారీగా తాళ్లకు గుచ్చి, బిగించి, గుడ్డలో చుట్టిన ఆ మోపును మలారం అన్నారు. గాజుకూ గాజుకూ మధ్య సందు లేకపోతే ఒకటి కదిలి మరొకదాన్ని కొట్టే అవకాశం ఉండదు. ఇవాళ ఇల్లు మార్చిపెట్టే కంపెనీ కుర్రాడు అట్టపెట్టెలో ఖాళీలు పూడుస్తూ పాటించేదీ ఆ సూత్రమే. కుమ్మరి బండెడు కుండల్ని వరిగడ్డి మధ్య పేర్చి గతుకుల బాటలో సంతకు తోలుకెళ్లాడు. పగిలే సరుకును పగలకుండా చేర్చే విద్య మనకు ప్లాస్టిక్‌తో పాటు దిగుమతి కాలేదు. మరి ప్యాకింగ్ అనేది ఒక వృత్తిగా, వ్యాపారంగా ఎందుకు పుట్టింది? వస్తువులు సున్నితమయ్యాయి కాబట్టి అని చాలామంది చెప్తారు. నాకు మాత్రం అసలు కారణం వేరేగా కనిపిస్తుంది. సామాను ఒక దారిన, సామాను గలవాళ్లు మరో దారిన పోవడం మొదలైన రోజున ఆ వృత్తికి పని పుట్టింది.

ముందుగా పాత ఇంటి సామాను ఎలాంటిదో చూడాలి. అందులో విలువైనదంతా ఇత్తడి, రాగి, కంచు, కలప. ఇత్తడి బిందె సొట్ట పడితే కంచరి సరిచేస్తాడు, లోపల కళాయి పోతే మళ్లీ పూయిస్తారు. పట్టె మంచానికి నవారు విప్పి, పట్టెలు ఊడదీస్తే నాలుగు కోళ్లూ నాలుగు కర్రలూ మిగులుతాయి, విప్పిన నవారే మిగతా సామాన్లకు కట్టు తాడవుతుంది. గంగాళంలో గుండిగ, గుండిగలో బిందె, బిందెలో చెంబులు, చెంబుల సందుల్లో పాత చీరల ముక్కలు. ఊరగాయ జాడీకి మూత మీద గుడ్డ వేసి వాసెన కట్టి, గంపలో గడ్డి పరిచి నిలబెడతారు. అద్దాన్ని రెండు బొంతల మధ్య పడుకోబెడతారు. చిన్న పింగాణీ సామాను ఊకలోనో చిట్టులోనో కూరతారు. దీనిలో నాకు ముచ్చట గొలిపేది పొదుపు. కొత్త ఇల్లు చేరాక గడ్డి ఎడ్లకు మేత, చిట్టు గేదె కుడితికి, బొంతలు పడకకు. పారేయాల్సింది ఏదీ ఉండదు, ఎందుకంటే వస్తువును కాపాడిన వస్తువు కూడా ఆ ఇంటిదే.

అయితే ఈ ఏర్పాటంతా ఒక మనిషి ఉంటాడన్న ధీమాతో నిలిచింది. బండి పక్కన నడిచేవాడు గండి రాగానే ఎడ్లను నిలేస్తాడు, చక్రం రాయి ఎక్కబోతే భుజం ఇస్తాడు, తాడు సడలితే మళ్లీ బిగిస్తాడు, వాన పడితే గోనెపట్టా కప్పుతాడు. ఎద్దు వీపున అటూ ఇటూ వేలాడే పెరికెలైనా, భుజం మీద ఊగే కావడైనా అంతే: మోసేవాడి కన్ను ఎప్పుడూ బరువు మీదే. ఆడపిల్లతో పంపే సారె కావిళ్ల మీద అత్తవారి ఊరికి వెళ్లడంలో మర్యాదతో పాటు ఈ సౌకర్యమూ ఉంది. వెదురుబద్ద తానే వంగి అదురును తీసుకుంటుంది, లోపలి పాలకాయలూ చలిమిడీ చెదరవు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేసినప్పుడు దాదాపు వందమంది పరివారంతో కదిలాడు. కలవాడి యాత్ర అంటే ఇల్లే కదలడం. డేరాలూ వంటపాత్రలూ అతని కళ్లముందే ఎత్తారు, కళ్లముందే దించారు. బంగారం మాటకొస్తే అది బండి కూడా ఎక్కదు, ఒంటి మీదో మొలలోనో కొంగులోనో ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఆ కాలంలో దోపిడీలు లేవా, ఏరు పొంగి బండ్లు కొట్టుకుపోలేదా? పోయాయి. తోడున్న మనిషి దొంగల గుంపును ఆపలేడు, తుఫానును అసలే ఆపలేడు. ఆ సంగతి పాలకులకూ తెలుసు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం దీనికి సాక్ష్యం. తుఫానుకు చిక్కి ఒడ్డున పడ్డ ఓడల సరుకును అంతకు ముందు రాజులు పూర్తిగా లాక్కునేవారనీ, ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప తాము ఏమీ ముట్టబోమనీ అందులో రాజు మాట ఇచ్చాడు. అది వర్తకుల సరుకు గురించిన శాసనం, ఇంటి సామాను గురించి కాదు; కానీ దారిలో సొత్తుకు గడ్డీ తాడూ ఇచ్చే రక్షణ ఒకటైతే, పోతే ఎవరిది బాధ్యత అన్న మాట ఇచ్చే రక్షణ మరొకటని అప్పటికే తెలిసినట్టు ఆ రాయి చెప్తుంది. ఇంటి సామాను విషయంలో ఈ రెండో ప్రశ్న చాలాకాలం తలెత్తలేదు, తోలేవాడూ తోలించేవాడూ ఒకే ఇంటివాళ్లు కాబట్టి.

రైలు వచ్చి ఇంటివాళ్లనూ సామానునూ విడగొట్టింది. 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా దాకా మొదలైన దారి 1871 కల్లా కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరి బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. కుటుంబం మూడో తరగతి పెట్టెలో కూర్చుంటే, సామాను గూడ్సు షెడ్డులో బిల్టీ రాయించుకుని తన మానాన తాను బయల్దేరింది. దారిలో ఎక్కడ దించారో, ఎవరు ఎత్తారో, దేని మీద దేన్ని పేర్చారో ఇంటివాళ్లకు తెలియదు. మోసేవాడికి ఆ పెట్టెలో పెళ్లినాటి పట్టుచీర ఉందో పాత పుస్తకాలున్నాయో తెలియదు. ఈ తెలియనితనాన్ని చట్టం ఎలా పూడ్చిందో చూడండి. 1865లో సరుకు రవాణాదారుల మీద వచ్చిన చట్టం ఒక జాబితా ఇచ్చింది: బంగారం, వెండి, నగలు, గడియారాలు, గాజు, పింగాణీ, పట్టు, దస్తావేజులు, ఇంకా అలాంటివి. వాటి విలువ 100 రూపాయలు మించితే, అప్పగించేవాడు ముందే ఫలానా వస్తువు, ఫలానా విలువ అని చెప్పి తీరాలి. చెప్పకపోతే పోయినా పగిలినా సాధారణంగా రవాణాదారుకు పూచీ లేదు. 1890 రైల్వే చట్టం విలువైన సరుకుల విషయంలో ఇదే 100 రూపాయల గీత గీసింది. రైల్వే జాగ్రత్తకు కొలమానం 1872 కాంట్రాక్టు చట్టం నుంచి తెచ్చుకున్నారు: మామూలు వివేకం గల మనిషి తన సొంత సొత్తు మీద ఎంత శ్రద్ధ పెడతాడో అంత. ఈ వాక్యం మీద కాసేపు ఆగాలి. బండి పక్కన నడిచిన ఇంటిమనిషి లేకపోయేసరికి చట్టం అతన్ని ఊహించుకోవాల్సి వచ్చింది. ఊహించుకున్న మనిషి మీద వాదించి గెలవడం కష్టమని తేలాకనో ఏమో, 1962 జనవరి 1 నుంచి రైల్వే పూచీని ఇంకా గట్టి చేశారు. అప్పుడు కూడా ‘కట్టుదిట్టం సరిగా లేదు’ అన్న మాట కాగితం మీదికి ఎక్కితే భారం మళ్లీ సొంతదారు వైపే మొగ్గింది.

కట్టుదిట్టం అన్న మాటకు అంత బరువు వచ్చింది అక్కడే. గోనెపట్టా వేసి దబ్బనంతో కుట్టి, పురికొసతో బిగించి, రేకు ట్రంకుకు తాళం మీద తాళం వేసి, పైన పెద్దక్షరాలతో పేరూ ఊరూ రాయడం రైలు కాలపు అలవాట్లు. ఆ కుట్టు సొంతదారుకు రక్షణ, సాక్ష్యం కూడా: తెగితే ఎవరో చెయ్యి పెట్టారని తెలుస్తుంది. అటు తర్వాత వచ్చిన సరంజామా పుట్టుక చూసినా నా వాదానికి బలమే. ముడతల అట్టకు 1856లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది టోపీల లోపలి పట్టీ కోసం. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని సీసాలకూ దీపపు చిమ్నీలకూ చుట్టాడు. 1957లో ఫీల్డింగ్, షవాన్ అనే ఇద్దరు గోడకు అంటించే కాగితం చేయబోతే బుడగల ప్లాస్టిక్ వచ్చింది, ఐబీఎం కంప్యూటర్లను కొన్నవాళ్లకు పంపడంలో దానికి గిరాకీ దొరికింది. ఫ్యాక్టరీ నుంచి ముఖం తెలియని కొనుగోలుదారుకు ఒంటరిగా పోయే సరుకు కోసం నిలదొక్కుకున్నవి ఇవి. మన ఇంటి సామాను కూడా అలా ఒంటరిగా పోయే సరుకైపోయాకే అవి మన ఇళ్లలోకి వచ్చాయి.

టీవీ, ఫ్రిజ్, గాజు బల్లలు వచ్చాక గడ్డి సరిపోదు కదా అనవచ్చు. యంత్రాల మాట నిజమే, వాటికి గడ్డి చాలదు. కానీ సున్నితమైన వస్తువుకు ఉపాయం ఎప్పుడూ కొరవడలేదు. చైనాలో మింగు రాజుల కాలం చివర షెన్ దఫు అనే రచయిత, బీజింగు వచ్చిన విదేశీ రాయబారుల పింగాణీ కట్టుబడిని వర్ణించాడు. పాత్రల్లో కొంచెం మట్టీ బఠానీ గోధుమ గింజలూ వేసి, డజన్ల కొద్దీ పేర్చి కట్టి, తడి నేల మీద ఉంచి నీళ్లు చల్లేవారట. మొలకలు అల్లుకుని అంతా ఒకే ముద్దయ్యాక రాళ్ల నేల మీద విసిరి చూసి, పగలనిదాన్నే బండి ఎక్కించేవారట. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట అది. ఉపాయం అంత ముదిరినా అది వృత్తిగా ఇంటింటికీ రాలేదు. రావడానికి మనిషీ సామానూ విడిపోవాల్సి వచ్చింది.

ఆ విడిపోవడం మనవాళ్లలో ఒక్కసారిగా జరగలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే మద్రాసులో పనిచేసిన తెలుగు ఉద్యోగులు కర్నూలుకు కదిలారు. అక్కడ ఆఫీసులే డేరాల్లో నడిచాయి. మూడేళ్లు తిరిగేసరికి, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు అయింది, మళ్లీ మూట కట్టారు. 2016లో హైదరాబాదు నుంచి వెలగపూడికి మరో ప్రయాణం. మధ్య దశాబ్దాల్లో లారీ వచ్చినప్పుడు డ్రైవరు పక్క సీట్లో ఇంటి మగవాడొకడు కూర్చోవడం మామూలే. బండి పక్కన నడిచిన మనిషి అక్కడ చివరిసారి కనిపిస్తాడు. ఇప్పుడు లారీ ఒకచోట మూడు ఇళ్ల సామాను ఎక్కించుకుని ఏ రాత్రో బయల్దేరుతుంది, ఇంటివాళ్లు విమానంలో ముందే దిగి ఫోను చూసుకుంటూ ఉంటారు.

పాతకాలాన్ని తలచుకుని నిట్టూర్చడం నా ఉద్దేశం కాదు. బండి పక్కన నడిచినవాడు చాలాసార్లు యజమాని కాడు, పాలేరు. కాళ్లు బొబ్బలెక్కిందీ వాడికే, జాడీ పగిలితే మాట పడిందీ వాడే. ఆ భారాన్ని ఒక కంపెనీ మీదికి, జీతానికి పనిచేసే హమాలీల మీదికి మార్చడం మంచి మార్పే. నా అభ్యంతరం ఒక్కటే: మనిషిని తీసేసిన చోట మనం ప్లాస్టిక్‌ను పెట్టి ఊరుకున్నాం, మాటను పెట్టలేదు. అందుకు రుజువు మన చేతిసంచిలోనే ఉంది. ఎన్ని పొరలు చుట్టించినా నగలు, ఇంటి దస్తావేజులు, సర్టిఫికెట్లు లారీ ఎక్కించం, ఒళ్లో పెట్టుకుని వెళ్తాం. కంపెనీలు కూడా సాధారణంగా వాటిని తీసుకోబోమని ముందే రాసిస్తాయి. అమ్మమ్మ కొంగుముడి ఇంకా పనిచేస్తోంది.

1865 చట్టం స్థానంలో 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాని కింది నియమాల ప్రకారం, ఎక్కువ విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే రవాణాదారు పూచీ కిరాయికి పది రెట్లకు మించదు. 15,000 రూపాయల కిరాయికి లక్షన్నర, ఇంట్లో ఉన్నది పది లక్షల సామానైనా సరే. ఈసారి ఇల్లు మారేటప్పుడు బుడగల ప్లాస్టిక్ ఎన్ని చుట్లు వేశారో లెక్కపెట్టే ముందు, సంతకం పెట్టే కాగితంలో సరుకు విలువ అని ఉన్న గడిని వెతకండి. దాన్ని ఖాళీగా వదలకండి, లారీవాణ్ణి నింపనివ్వకండి. మీ చేత్తో మీరే రాయండి.