నటాల్ రిజిస్టర్లో మన ఊరు

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలో నటాల్ ప్రాంతపు డర్బన్ రేవు చేరింది. మద్రాసులో ఎక్కిన 342 మంది అందులో ఉన్నారు. అది మొదలు 1911 దాకా నటాల్‌కు వెళ్లిన గిర్మిట్ (ఒప్పంద) కూలీలు లక్షా 52 వేల పైమాటే. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు. వాళ్లలోని తెలుగువాళ్లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల జనం చాలామంది. చెరకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం.

వాళ్ల మునిమనవలు ఇప్పుడు ముత్తాత ఊరు వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వస్తున్నారు. చేతిలో ఉండేది ఓడ జాబితాలోని ఒక్క వరుస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చ. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు.

ముత్తాత పేరే నటాల్లో ఇంటిపేరైపోయింది. అప్పల్సామి, అప్పల్రాజు అక్కడ ఇప్పుడు వంశనామాలు. ఉత్తరాంధ్ర మనిషి చెవిన ఆ పేర్లు పడితే సింహాచలం అప్పన్న గుర్తుకు రాకుండా ఉండడు. పైడయ్య అంటే విజయనగరం పైడితల్లి. కూర్మయ్య అంటే శ్రీకూర్మం. ఇది రుజువు కాదు గానీ, ఎటు వెళ్లి అడగాలో చెబుతుంది.

అసలు చిక్కు జిల్లాతో వస్తుంది. 'గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా' అన్న కాగితం పట్టుకుని నేటి ఒడిశా గంజాంలో తిరిగితే ఊరు దొరకదు. చికాకోల్ మన శ్రీకాకుళమే. 1936లో ఒడిశా విడిపోయేదాకా శ్రీకాకుళం, టెక్కలి గంజాంలో ఉండేవి. ఆ తర్వాత విశాఖ జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలయ్యాయి. పాలకొండ విశాఖ నుంచి శ్రీకాకుళానికి, 2022లో పార్వతీపురం మన్యానికి మారింది. ఊరు ఉన్నచోటే ఉంది, పై అడ్రసే మారుతూ వచ్చింది.

ఇక్కడి పాత దస్తావేజుల మీద ఆశ పెట్టుకోలేం. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల కింద నలిగిన పల్లెలివి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ చాలా ఊళ్లలో రైతు పేరు సర్కారు లెక్కలకెక్కలేదు. సెంటు భూమి లేని పాలేరు పేరు అప్పుడూ ఎక్కలేదు. సొంత ఊళ్లో కాగితం ముక్క లేని మనిషికి పరాయి దేశానికి పంపేటప్పుడు ఎత్తు కూడా కొలిచి రాసుకున్నారు! పని చేయించుకోవడానికే రాశారు, నిజమే. ఈనాడు వారసులకు ఆ రాతే ఆధారం.

బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లినవాళ్ల విషయంలో అదీ లేదు. 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే కాబట్టి మేస్త్రీ వెంట ఓడెక్కి వెళ్లిపోయారు, గిర్మిట్ లేదు. 1942లో జపాను దాడికి కాలినడకన తిరిగొచ్చినవాళ్ల సంగతులు మన ఇళ్లలో ఇంకా నోటి మాటగానే ఉన్నాయి.

'తాత తమ్ముడు ఓడెక్కాడు, మళ్లీ రాలేదు' అన్న మాట మీ ఇంట్లో వినిపిస్తే వదిలేయకండి. అతని పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, గోత్రం, ఊరి పాత పేరు ఈ వారమే రాసి పెట్టండి. డర్బన్ నుంచి ఎవరైనా కాగితం పట్టుకుని మీ ఊరికొస్తే తెలీదని పంపేయకుండా, పెద్ద వయసు వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆ కాగితంలో లేని ఇంటిపేరు చెప్పగలిగేది వాళ్లే.