ఉల్లేఖనల లెక్కలో యల్లాప్రగడ సుబ్బారావు: రసాయన, వైద్య పరిశోధనల పరిశీలన

1. ప్రవేశిక

పరిశోధకుని కృషిని అతని వ్యాసాల సంఖ్యతోను, ఇతరులు వాటిని ఉల్లేఖించిన సంఖ్యతోను అంచనా వేయడం నేటి విశ్వవిద్యాలయాలలో పరిపాటి. యూజీన్ గార్ఫీల్డ్ 1960వ దశకంలో ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఈ లెక్కకు పునాది వేసింది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ దానిని ఒకే అంకెకు కుదించింది. భీమవరంలో జన్మించి అమెరికాలో పరిశోధన సాగించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) కృషిని ఈ కొలమానంతో చూస్తే ఏది కనిపిస్తుంది, ఏది మరుగున పడుతుంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

2. 1925 నాటి పద్ధతి

మద్రాసు వైద్య కళాశాలలో చదివిన సుబ్బారావు బోస్టన్ చేరాడు. అనంతరం హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆటో ఫోలిన్ అధ్యక్షతన ఉన్న జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే వారి పద్ధతి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వెలువడింది. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఏర్పరచే సంయోగాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతే ఫాస్ఫేటు పరిమాణాన్ని తెలుపుతుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధమైన ఈ వ్యాసం వేల సార్లు ఉల్లేఖనకు నోచుకుంది.

పద్ధతులను వివరించే వ్యాసాలకు ఇటువంటి ఆదరణ సహజం. 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన జాబితాలో 3 లక్షలకు పైగా ఉల్లేఖనలతో ప్రథమ స్థానం పొందినది ప్రోటీన్లను కొలిచే పద్ధతిపై లౌరీ బృందం 1951లో రాసిన వ్యాసం. అందులో వాడిన కారకం కూడా ఫోలిన్ పేరుమీదిదే.

3. కొలత నుంచి ఆవిష్కరణకు

ఈ పద్ధతిని కండరాల సారానికి అన్వయించినప్పుడు నీలిరంగు రావలసిన వేగంతో రాలేదు. ఆ ఆలస్యాన్ని లోపంగా తోసిపుచ్చక కారణాన్ని వెదకడమే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఆవిష్కరణకు దారితీసింది. 1929లో ఏటీపీని వేరుపరచిన ఫలితాన్ని ఫిస్క్, సుబ్బారావులు సైన్స్ పత్రికలో ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు.

జీవకణాల శక్తి వినిమయాన్ని అర్థం చేసుకోవడానికి ఏటీపీ మూలం. అయినా ఉల్లేఖనలలో దాని వ్యాసం 1925 నాటి పద్ధతి వ్యాసానికి చాలా దూరంలో నిలిచింది. ఏటీపీ పాఠ్యపుస్తక జ్ఞానంగా మారింది కనుక దానిని ప్రస్తావించేవారు మూలవ్యాసాన్ని పేర్కొనరు. జ్ఞానంలో పూర్తిగా కలిసిపోయిన కృషికి కర్త పేరు చెరిగిపోతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించిన పరిణామం ఇదే.

4. వైద్యరంగంలో ఫలితాలు

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థకు మారి అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించిన వ్యాసంలో 16 మంది పేర్లున్నాయి. వారిలో సుబ్బారావు ఒకడు. అదే సంస్థలో రూపొందిన ఫోలిక్ ఆమ్ల విరోధి అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సరు తాత్కాలికంగా ఉపశమించిందని సిడ్నీ ఫార్బర్ బృందం 1948 జూన్‌లో ప్రకటించింది. ఆ వ్యాసకర్తలలో సుబ్బారావు లేడు. రెండు నెలలకే ఆయన మరణించాడు. అదే వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్లకు, కీళ్లవాతానికి వాడుకలో ఉంది.

బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా లెడర్లీలో ఆయన నాయకత్వాన సాగిన కృషి ఫలితమే. ఆయన పుట్టిన గోదావరి ప్రాంతంతో సహా కోస్తా జిల్లాలలో ప్రభుత్వం ఇంటింటికీ పంచిన మాత్ర ఇది. మాత్ర మింగిన రోగి మూలవ్యాసాన్ని ఉల్లేఖించడు.

5. పేర్ల చిక్కు

ముద్రిత సైటేషన్ ఇండెక్స్‌లో ఉల్లేఖిత రచనలు మొదటి రచయిత పేరు కిందనే నమోదయ్యేవి. కనుక 1925 నాటి వ్యాసాన్ని వెదికేవారికి కనిపించేది ఫిస్క్ పేరు. దీనికి తోడు సుబ్బారావు పేరు ఇంగ్లీషులో ఒకచోట ఒకే పదంగా, మరొకచోట రెండు పదాలుగా ముద్రితమైంది. ఇంటిపేరు ముందుండే తెలుగు సంప్రదాయానికి చెందిన పేర్లు పాశ్చాత్య సూచికలలో ఎదుర్కొనే ఇబ్బంది ఇది.

6. ముగింపు

సుబ్బారావు ఉదాహరణ ఉల్లేఖనల లెక్క వ్యర్థమని నిరూపించదు. ఒక సాధనం ఎంత విస్తృతంగా ఉపయోగపడిందో ఆ లెక్క నమ్మకంగానే చెబుతుంది. జ్ఞానంలో కలిసిపోయిన ఆవిష్కరణను, బృందంలో ఒదిగిన నాయకత్వాన్ని, రోగికి చేరిన మందును అది చూడలేదు. నియామకాలకు, పదోన్నతులకు అంకెలనే ప్రమాణంగా తీసుకునే సంఘాలు వ్యాసాలను స్వయంగా చదివి, వాటి ఫలితాలు ఎక్కడికి చేరాయో విచారించడం అవసరం. లేనిపక్షంలో 1925 నాటి నీలిరంగుకు దక్కిన గుర్తింపు 1929 నాటి ఏటీపీకి దక్కదు.